సింహళద్వీపమున విడిచిన మతమునకు మరలినవారు

మతప్రచార చరిత్రలను వ్రాయువారు సాధారణముగా క్రొత్తగా ఒక మతమున చేరినవారిని గూర్చియే వ్రాయుదురు. ఒకప్పుడు చేరి, పిదప విడిచినవారి యొద్దకు ఆ మతము మరల నెట్లు చేరెనను ప్రశ్న వేఱు. దానిని విచారించుటకు సింహళద్వీపమున 1658 మొదలు సుమారు తొంబది ఏండ్ల చరిత్ర మిక్కిలి తగియున్నదని మా యభిప్రాయము. ఆ కథకు నాయకుడు గోవా దేశీయుడగు జోసెఫ్ వాజ్ గురువు. కథ తుదిలో తెలుగువారి ప్రసక్తియు కొంత కలదు.

మన పూర్వులు బుడతకీచులని పిలిచిన పోర్చుగీసువారు 1505 లో ఆ ద్వీపమును చేరి, క్రమముగా తీరప్రాంతములను ఆక్రమించి, 1619 లో యాళ్పాణ రాజ్యమును కలుపుకొనిరి. వారి నీడలో కతోలిక మతము తీర గ్రామములందు వ్యాపించెను. 1656 లో కొలంబో, 1658 లో యాళ్పాణము డచ్చి కంపెనీ వశమయ్యెను. గురువులు వెడలగొట్టబడిరి. గురువునకు ఇంట చోటిచ్చినవారికి మరణదండన యని శాసనము వెలువడెను. దేవాలయములు డచ్చి సంస్కరణ సంఘమునకు దక్కెను. అంతకంటె బలమైన సాధనము మఱియొకటి కలదు. అది బడిపట్టీ. జ్ఞానస్నానములును వివాహములును 'తోంబు' అను ఆ పట్టీలలో నెక్కవలెను. అందు పేరు లేనివాని వివాహము చెల్లదు. వాని బిడ్డల వారసత్వము చిక్కులలో పడును. కంపెనీ కొలువు దొరకదు. ఖడ్గము చేయలేని పనిని పట్టీ చేసెను.

అప్పటి డచ్చి బోధకుడు ఫిలిప్ బాల్డియస్ 1672 లో ప్రకటించిన తన గ్రంథమున యాళ్పాణ ప్రాంతపు గుళ్లను, బళ్లను, అందలి జనమును వర్ణించియున్నాడు. అతని లెక్కలు పట్టీలోని పేర్లను తెలుపునే గాని, ఆ పేర్లు గలవారు రాత్రి యింట నేమి జపించిరో తెలుపజాలవు. కనుక 'విడిచినవారు' అను మాటను మనము ఆచితూచి వాడవలెను. ఆదివారము డచ్చి ప్రసంగము విని, ఇంట జపమాల త్రిప్పినవారు కలరు. నిజముగనే మఱచినవారును కలరు. 1658 లో ఉయ్యెలలో నున్న శిశువు 1687 నాటికి తానే బిడ్డల తల్లి. ఆమె పాపసంకీర్తనము ఎన్నడును చేసి యెఱుగదు. ఆమె దేనిని విడిచినట్లు?

వాజ్ 1651 లో గోవాలోని బెనౌలిమ్ గ్రామమున కొంకణి బ్రాహ్మణ వంశపు కతోలిక కుటుంబమున జన్మించెను. 1676 లో గురుపట్టము నందెను. 1681 మొదలు మూడేండ్లు కన్నడ తీరమున పనిచేసెను. ఐరోపా గురుసభలు నాడు గోవాలో దేశీయులను తమలో చేర్చుకొనకుండెను. కావున దేశీయ గురువులు కొందఱు కూడి ఆరటరీ అను సంఘముగ నేర్పడగా, 1685 లో వాజ్ అందు ప్రవేశించి దానిని క్రమపఱచెను. 1687 లో జాన్ అను సేవకునితో, కూలివాని వేషమున, యాళ్పాణమున దిగెను. తెల్లనివాడైనచో రేవుననే పట్టుబడియుండును. ఏ రంగును చూచి గురుసభలు దేశీయులను వెలుపల నుంచెనో ఆ రంగే యిచ్చట ఆయనను కాపాడెను. ఆయన జీవితకథలను వ్రాసినవారు దీనిపై నిలువక సాగిపోవుట మాకు వింతగా తోచుచున్నది.

ఆయన పద్ధతి సులభమైనది. మెడలో జపమాల వేసికొని ఇంటింట బిచ్చమెత్తెను. మాలను చూచి ముఖము త్రిప్పుకొనినవారి గుమ్మము వదలెను. ఎవరి చూపు దానిపై ఆగెనో వారి గుమ్మమునకు మరల వచ్చెను. మొదట తర్కము లేదు, ప్రసంగము లేదు. అనంతరము సిల్లాలై గ్రామమున దాగి, రాత్రులందు ఇండ్లలో పూజ జరిపి, పాపసంకీర్తనములు వినుచుండెను.

1689 క్రిస్మస్ రాత్రి డచ్చి సైనికులు యాళ్పాణమున కతోలికులు కూడిన యిండ్లపై పడిరి. కతోలికులుగనే యుండినవారికి స్వల్పశిక్షయే. సంస్కరణ సంఘమునుండి మరలి వచ్చినవారని తేలిన యెనమండుగురికి కఠినదండన. వారిలో నొకడు దెబ్బలకే ప్రాణము విడిచెను. తీర్పు నడిపినవాడు మలయాళదేశపు ఓషధులపై మహాగ్రంథమును సంకలనము చేయించిన వాన్ రేడే. పట్టీనుండి జాఱిపోవుటయే కంపెనీకి అసలు నేరమని దీనివలన స్పష్టము. గురువు తప్పించుకొనెను. మూల్యమును మరలినవారు చెల్లించిరి. దీనిని వీరగాథగా మాత్రమే చెప్పుట ఆ యెనమండుగురికి న్యాయము కాదు.

పిమ్మట వాజ్ పుత్తళము మీదుగా కండి చేరెను. 1692 లో పోర్చుగీసు వేగువాడను అనుమానమున రెండవ విమలధర్మసూర్యుడు ఆయనను బంధించెను. పిదప స్వేచ్ఛ నొసగెను. 1697 లో మశూచి వ్యాపింపగా వాజ్ రోగులకు స్వయముగా పరిచర్య చేసెను. క్రైస్తవ ప్రభువులు తఱిమిన గురువునకు బౌద్ధరాజు ఆశ్రయ మిచ్చెను! 1711 జనవరి 16 న ఆయన కండిలోనే మరణించెను.

గురువు ఏటి కొకమారు వచ్చుటయు కష్టమైన గ్రామములందు విశ్వాసము నిలిచిన దెట్లు? మూప్పు, అన్నావి యను గ్రామపెద్దలు జనమును కూర్చి ప్రార్థన చెప్పించుచుండిరి. వారికి చదువుటకు గ్రంథములు కావలసెను. ఈ కొఱతను తీర్చినవాడు 1705 లో వచ్చిన జాకొమె గొన్సాల్వెస్. ఇతడును గోవా కొంకణివాడే. సింహళమును, తమిళమును అభ్యసించి, రెండింట గద్యపద్యములు రచించెను. దేవ వేద పురాణయ అను గద్యగ్రంథమును, క్రీస్తు శ్రమలను గూర్చిన దుఃఖప్రాప్తి ప్రసంగయ యును వానిలో ప్రసిద్ధములు. ఇవి తాటాకులపై వ్రాతప్రతులుగ తిరిగెను. పేర్లను చూచిననే తెలియును: వేదము, పురాణము, ప్రసంగము అను దేశీయ పదములనే ఆయన గ్రహించెను. మఱచినవానికి జ్ఞాపకము తెచ్చుటకు పరభాష పనికిరాదని ఆయన యెఱుగును.

1739 లో వీరనరేంద్రసింహుడు సంతానము లేక మరణింపగా, మధుర నుండి వచ్చిన రాణి సోదరుడు శ్రీవిజయరాజసింహుడను పేర సింహాసన మెక్కెను. తెలుగు మూలము గల నాయక్కరు వంశము కండిలో ఇట్లు ఆరంభమయ్యెను. మధుర, తంజావూరు నాయకులను మనము సాహిత్యపోషకులుగ ఎఱుగుదుము. ఇచ్చట చిత్రము వేఱు. ఈ రాజు 1743-44 ప్రాంతమున కతోలిక గురువులను రాజ్యమునుండి వెడలగొట్టెను. పరదేశము నుండి వచ్చినవాడు బౌద్ధ ప్రజల యెదుట, సింహళ ప్రధానుల యెదుట, బౌద్ధధర్మ రక్షకుడుగ కనుపించుట అవసరమై యుండునని మేము తలంతుము. గొన్సాల్వెస్ అప్పటికే, 1742 లో, బోలవత్తలో కాలధర్మము చెందెను. గురువులు పోయిరి, తాటాకు ప్రతులు మిగిలెను.

1796 లో తీరప్రాంతము ఆంగ్లేయుల వశమయ్యెను. 1806 లో గవర్నరు మెయిట్లండ్ కతోలికులపై గల నిర్బంధములను తొలగించెను. తోంబులో సంస్కరణ సంఘీయులుగ నుండినవారిలో పెక్కురు ఆ కాలమున కతోలికులుగనో బౌద్ధులుగనో తేలిరి. వాజ్ 1995 లో ధన్యుడుగను, 2015 జనవరి 14 న కొలంబోలో పునీతుడుగను ప్రకటింపబడెను. గొన్సాల్వెస్ దుఃఖప్రాప్తి ప్రసంగమును పశ్చిమతీర గ్రామములందు తపస్కాలమున జనులు గుమికూడి నేటికిని రాగయుక్తముగ పఠించుచున్నారు.