ఏలికసాని పెనిమిటికి పేరేది? : పాలకురాలి భర్తను సూచించే పదాలు – చారిత్రక పరిశీలన

ప్రస్తావన

రాజు భార్యను సూచించడానికి తెలుగులో పదాలకు కొదవ లేదు. రాణి, దేవేరి, మహిషి, పట్టపుదేవి, పట్టమహిషి వంటి పదాలు వాడుకలో ఉన్నాయి. వీటిలో కొన్ని అంతఃపురంలోని తారతమ్యాలను కూడా తెలియజేస్తాయి. రాజ్యమేలే స్త్రీకి 'ఏలికసాని' అనే చక్కని పదమూ ఉంది. కానీ ఆ ఏలికసాని భర్తను ఏమనాలి అన్నప్పుడు మాత్రం స్థిరపడిన పదం దొరకదు. ఇది పదసంపదలోని లోటా, లేక అధికారాన్ని మనం ఊహించుకున్న తీరులోని చిక్కా? కాకతీయ రుద్రమదేవి కాలం నుంచి నేటి రాష్ట్రపతి పదవి వరకు కొన్ని సందర్భాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

భర్తృవాచకాలలో ప్రభువు

భర్తను తెలిపే సంస్కృత పదాలలో అధికం ప్రభువును తెలిపే పదాలే. 'భృ' ధాతువుకు భరించడం, పోషించడం అని అర్థం. దానినుంచి వచ్చిన 'భర్త' పోషించేవాడు, ప్రభువు, 'భార్య' పోషింపదగినది. పతి, నాథుడు, ఈశుడు అనే పదాలదీ ఇదే తీరు. భూపతి, నరనాథుడు, ధరణీశుడు అంటే రాజు. ప్రాణనాథుడు అంటే భర్త. ఇంటిలోని సంబంధానికీ రాజ్యంలోని సంబంధానికీ ఒకే పదం సరిపోయింది.

కావ్యసంప్రదాయం దీనిని మరింత బలపరచింది. రాజును భూకాంతకు భర్తగా వర్ణించడం కవులకు పరిపాటి. భూభర్త, భూవల్లభుడు అనే పర్యాయపదాలు ఈ ఊహనుంచి పుట్టినవే. అంటే రాజ్యపాలన ఒక వివాహంగా, పాలకుడు వరుడుగా భావింపబడ్డాడు. సింహాసనం మీద స్త్రీ కూర్చున్నప్పుడు ఈ రూపకం చెదురుతుంది. భూమి విషయంలో ఆమె భర్త స్థానంలో ఉంటుంది. ఇంటిలో భార్య స్థానంలో ఉంటుంది. ఈ రెండు స్థానాలను కలిపి చెప్పే పదం భాషకు అవసరం కాలేదు కనుకనే ఏర్పడలేదు.

రుద్రదేవ మహారాజు – చాళుక్య వీరభద్రుడు

ఈ చిక్కుకు కాకతీయులు కనుగొన్న పరిష్కారం ప్రసిద్ధమే. పుత్రసంతానం లేని గణపతిదేవుడు తన కుమార్తె రుద్రమను వారసురాలిగా నిలిపాడు. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి. కుమార్తెకు రుద్రుడనే పుంనామం పెట్టిన సంగతిని విద్యానాథుని 'ప్రతాపరుద్రీయం' కూడా తెలుపుతుంది. రాజపదవికి స్త్రీవాచకం వెతకడానికి బదులు స్త్రీకే పుంవాచకం ఇచ్చారు. ఆమె ధరించిన 'రాయగజకేసరి' బిరుదు కూడా ఈ పద్ధతికి అనుగుణమైనదే.

రుద్రమ భర్త నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రుడు. భార్య పాలనలో ఆయన పోషించిన పాత్ర గురించి శాసనాలు చెప్పేది అత్యల్పం. దీనికి రాజకీయ కారణాలు ఉండవచ్చు. కానీ భాషాపరమైన కారణాన్ని కూడా గమనించాలి. రుద్రమ 'మహారాజు' అయిన తరువాత వీరభద్రుడిని ఆ బిరుదుతో కలిపి చెప్పడానికి మార్గం లేదు. మహారాజుకు దేవేరి ఉంటుంది గాని భర్త ఉండడు. పుంవాచకం పదవి సమస్యను తీర్చింది. ఆ పదవి పక్కన నిలిచిన పురుషుడిని పేరులేనివాడిని చేసింది.

బయటినుంచి చూసిన వ్యక్తికి ఇదే సంగతి మరొక విధంగా కనిపించింది. మోటుపల్లి ప్రాంతాన్ని వర్ణించిన మార్కోపోలో ఇక్కడి రాణి న్యాయపాలనను మెచ్చుకొంటూనే, ఆమెను మరణించిన రాజు భార్యగా చెప్పాడు. గణపతిదేవుని కుమార్తె ఆ కథనంలో ఆయన వితంతువైంది. తండ్రినుంచి కుమార్తెకు రాజ్యం వచ్చిందనడం కన్నా భర్తనుంచి భార్యకు వచ్చిందనడమే వినేవారికి తేలికగా అర్థమయ్యే విషయం. దేశీయుల శాసనాలు రుద్రమను పురుషుడిని చేశాయి. విదేశీయుని కథనం వితంతువును చేసింది. రెండింటిలోనూ పాలకురాలి పక్కన భర్తకు చోటు లేదు.

ఐరోపాలో బిరుదుల బేరం

ఐరోపా రాజవంశాలు ఈ ప్రశ్నను మౌనంతో దాటవేయలేదు. చట్టాలతో, ఒడంబడికలతో బేరమాడాయి. 1554లో ఇంగ్లండు రాణి మేరీని పెండ్లాడిన స్పెయిన్ రాకుమారుడు ఫిలిప్‌కు రాజబిరుదు దక్కింది, కాని ఆయన అధికారానికి పార్లమెంటు హద్దులు గీసింది. 1689లో రెండవ మేరీ, ఆమె భర్త విలియం సంయుక్తంగా సింహాసనమెక్కారు. 1702లో రాణి అయిన ఆన్ భర్త జార్జికి రాజబిరుదు రానేలేదు. పోర్చుగల్‌లో వారసుడు పుట్టిన తరువాతే రాణి భర్త రాజు అయ్యేవాడు. రెండవ మరియా భర్త ఫెర్డినాండు 1837లో ఆ విధంగానే రాజయ్యాడు.

విక్టోరియా 1840లో ఆల్బర్టును వివాహమాడింది. ఆయనకు 'ప్రిన్స్ కన్సార్ట్' అనే బిరుదు లాంఛనంగా లభించడానికి 1857 వరకు పట్టింది. రెండవ ఎలిజబెత్ భర్త ఫిలిప్‌కు ఆ బిరుదు ఎన్నడూ ఇవ్వలేదు. డెన్మార్కు రాణి మార్గరెట్ భర్త హెన్రిక్ తనను రాజుగా గుర్తించలేదన్న అసంతృప్తిని బహిరంగంగానే చెప్పుకొన్నాడు. 2017లో భార్య సమాధి పక్కన తనను ఖననం చేయవద్దని ప్రకటించాడు. మరుసటి ఏడాది మరణించాడు. ఒక పదం కోసం పడిన వేదన ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఈ సంకోచానికి కారణం స్పష్టం. రాజు భార్య రాణి అయితే రాజు స్థాయికి భంగం లేదు. రాణి భర్త రాజు అయితే ఆ మాటే ఆమెను రెండవ స్థానానికి దించుతుంది.

ఆల్బర్టు బిరుదు తెలుగులోకి సులభంగా రాదు. 'యువరాజు' అంటే రాజ్యానికి రాబోయే వారసుడు. 'రాకుమారుడు' అంటే రాజు కొడుకు. రాణిని పెండ్లాడినందువల్ల వచ్చిన హోదాను ఈ రెండూ చెప్పలేవు. ఇక్కడ రాణి 'భర్త' అనడమే అర్థానికి దగ్గరగా ఉంటుంది.

రాష్ట్రపతి, ప్రథమ పురుషుడు

2007లో ప్రతిభా పాటిల్ రాష్ట్రపతి అయినప్పుడు ఈ ప్రశ్న మన ముంగిట నిలిచింది. 'పతి' శబ్దం స్త్రీకి చెల్లుతుందా అన్న చర్చ జరిగింది. వ్యాకరణం దీనికి ఏనాడో సమాధానమిచ్చింది. పూర్వపదం ఉన్న పతి శబ్దానికి స్త్రీలింగంలో నకారాదేశం వికల్పమని పాణిని 'విభాషా సపూర్వస్య' అనే సూత్రంలో విధించాడు. అందువల్ల గృహాన్ని ఏలే స్త్రీ గృహపత్ని కావచ్చు, గృహపతి కూడా కావచ్చు. స్త్రీని 'రాష్ట్రపతి' అనడం అపశబ్దం కాదు. రెండవ రూపం శాస్త్రసమ్మతమే అయినా 'పత్ని'కి నేటి వాడుకలో భార్య అనే అర్థమే మిగిలింది. అందుకే 2022లో పార్లమెంటులో ఆ రూపం అవమానంగా వినిపించి వివాదమైంది. శాస్త్రం అనుమతించినదాన్ని వాడుక నిరాకరించింది.

రాష్ట్రపతి భార్య 'ప్రథమ మహిళ' కనుక ప్రతిభా పాటిల్ భర్త దేవీసింగ్ షెకావత్‌ను 'ప్రథమ పురుషుడు' అనవచ్చునా? తెలుగు పాఠకునికి ఈ మాట వ్యాకరణాన్ని గుర్తు చేస్తుంది. ప్రథమ పురుష అంటే మాట్లాడే 'నేను' కాదు, వినే 'నీవు' కాదు. ప్రస్తావనకు మాత్రమే వచ్చే 'వాడు', 'ఆమె'. 'ప్రథమ పౌరుడు' అందామంటే ఆ స్థానం రాష్ట్రపతిదే. మన భాషలో ఈ అనువాదానికి కాలూనే చోటు లేదు.

ముగింపు

ఈ సందర్భాలు రెండు మార్గాలను చూపుతున్నాయి. ఒకటి పాలకురాలిని పురుషునిగా చెప్పి భర్తను మరుగుపరచడం. రెండవది భర్తకు ఏదో ఒక హోదాను సృష్టించడం. పదవి వివాహంతో సంక్రమిస్తుందన్న రాజరికపు భావనకు ఈ రెండూ లోబడినవే. ప్రజాస్వామ్యంలో పదవి వ్యక్తిది. వివాహం కేవలం బంధుత్వం. కనుక 'రాష్ట్రపతి భర్త' అన్న సాదా మాటే సరైనది. 'భర్త'లో ప్రభువు దాగి ఉన్నాడన్న ఆక్షేపణకు వాడుకే సమాధానం. ఈనాడు ఆ మాట వినేవారికి బంధుత్వమే స్ఫురిస్తుంది. ఆ మాటకొస్తే 'ప్రథమ మహిళ' అనే బిరుదు అవసరాన్ని కూడా ఇదే కొలతతో తూచాలి.

ఇది రాష్ట్రపతి భవనానికి పరిమితమైన చర్చ కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చిన తరువాత స్థానిక సంస్థలలో మహిళల సంఖ్య పెరిగింది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఆ స్థానాలలో సగం వారికే కేటాయించారు. అయినా అనేక గ్రామాలలో 'సర్పంచ్ గారు' అని పిలిస్తే పలికేది ఆమె భర్త. రుద్రమకు రాజ్యమేలడానికి పురుషుని పేరు కావలసి వచ్చింది; ఇక్కడ పురుషుడు స్త్రీ గెలిచిన పదవి పేరును తనదిగా చేసుకొంటున్నాడు. అతడిని 'సర్పంచ్ గారి భర్త' అని పిలవడం మర్యాదకు లోటు కాదు. ఆ పిలుపు వల్ల 'సర్పంచ్ గారు' అన్న మాట ఆమెకు దక్కుతుంది.