మళ్లీ రాయడం ఎవరి వల్ల అవుతుంది?

ప్రవేశ పరీక్షలో మంచి మార్కులే వచ్చిన విద్యార్థి దొరికిన సీటులో చేరిపోవాలా, ఒక ఏడాది ఆగి మళ్లీ రాయాలా? మనవాళ్లు దీన్ని పట్టుదలకు సంబంధించిన ప్రశ్నగా చూస్తారు. కోచింగు సంస్థల గోడ ప్రకటనలూ ఆ మాటే చెబుతాయి. భువనగిరిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషిగా నాకది మరో రకంగా కనిపిస్తోంది. ఈ ప్రశ్నకు ఒక పుట్టుక ఉంది, దాన్ని పెంచిన చట్టాలున్నాయి, దాని మీద బతికే వ్యాపారం ఉంది. వీటిని వదిలిపెట్టి విద్యార్థి గుండెధైర్యాన్ని గురించి మాత్రమే మాట్లాడితే చరిత్రను దాచినట్టవుతుంది.

ఈ ఊరికి చరిత్రలో ఒక ప్రత్యేకత ఉంది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ పదకొండవ సభలు ఇక్కడే జరిగాయి. ఆయన స్వగ్రామం బొల్లేపల్లి ఇక్కడికి దగ్గరే. ఆనాటి ప్రజల ప్రధాన సమస్యల్లో వెట్టి ఒకటి. వెట్టి అంటే కూలి ఇవ్వకపోవడం ఒక్కటే కాదు, మనిషి పొద్దు మనిషిది కాకపోవడం కూడా. తన కాలం మీద తనకు హక్కు లేనివాడికి చదువు ఒక్కసారి దొరకడమే గగనం. పైగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. తెలుగు పల్లెలనుంచి అక్కడికి చేరడానికి ముందు భాష గడప దాటాలి. రెండో ప్రయత్నం అన్న ఊహకే ఆ సమాజంలో తావు లేదు.

ఆ తావు చట్టాల వల్ల వచ్చింది. 1969, 1972 ఉద్యమాల తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం, దాన్ని అనుసరించి రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చాయి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయించింది. 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం చేశారు. 1986 నుంచి ఎంసెట్ మొదలైంది. డబ్బు మూటతో సీటు కొనే దారిని మూసి, అందరినీ ఒకే ప్రశ్నపత్రం ముందు కూర్చోబెట్టడం అభ్యుదయకరమైన చర్య అనడంలో సందేహం లేదు. అయితే తలుపులో మూసిన డబ్బు కిటికీలోంచి వచ్చింది. సీటు కొనలేనివాడు ఇప్పుడు సంవత్సరాన్ని కొనుక్కోవచ్చు. విజయవాడలో, గుంటూరులో, హైదరాబాదులో హాస్టళ్లతో సహా వెలసిన ఏడాది శిక్షణ ఇలా పుట్టింది. ‘లాంగ్ టర్మ్’ అన్న మాట ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు కూడా తెలుగు మాటే అయిపోయింది.

నేను చూసిన ఒక ఉదాహరణ చెబుతాను. పోచంపల్లి వైపు ఒక చేనేత కుటుంబం అమ్మాయికి నీట్‌లో మంచి మార్కులు వచ్చాయి. కానీ ఎంబీబీఎస్‌కు కాస్త తగ్గాయి, దంతవైద్యంలో సీటు ఖాయం. తండ్రి నన్ను అడిగిన మాట ఇది: “మార్కులైతె మంచిగనే వచ్చినయి సారూ. మల్ల రాస్తె ఇవి ఉంటయా, పోతయా?” ఏ విద్యావేత్తా ఇంత సూటిగా అడగలేదనిపించింది. ఆ మార్కులు ఆ ఏటి ప్రవేశాలకే పనికివస్తాయని చెప్పాను. మగ్గం మీద వచ్చే రాబడి, హాస్టలు ఫీజు, వెనక చదువుతున్న తమ్ముడు, ‘ఆడపిల్లను ఏడాది ఇంట్లో పెట్టుకుంటారా’ అనే చుట్టాలు - అన్నీ లెక్క చూసుకున్నారు. అమ్మాయి దంతవైద్యంలో చేరింది. ఆమెకంటే తక్కువ మార్కులు వచ్చిన ఆమె తోటి విద్యార్థి, వ్యాపారి కొడుకు, ఏడాది కోచింగుకు వెళ్లి మరుసటేడు ఎంబీబీఎస్ సీటు తెచ్చుకున్నాడు. అతని శ్రమను నేను తక్కువ చేయడం లేదు. దంతవైద్యాన్నీ చిన్నచూపు చూడడం లేదు. రెండోసారి వచ్చిన ర్యాంకులో విద్యార్థి తెలివితో పాటు ఇంట్లోని ఏడాది గ్రాసం కూడా కలిసి ఉంటుందని మాత్రమే అంటున్నాను.

ఆ తండ్రి ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒకేలా లేదు. 2016 మే 1న నీట్ మొదటి విడత రాసినవారిని రెండో విడత కూడా రాసుకోనిచ్చిన సుప్రీంకోర్టు, మొదటి మార్కులు వదులుకోవాలని షరతు పెట్టింది. అదే ఏడు తెలంగాణలో జులై 9న జరిగిన ఎంసెట్-2 ప్రశ్నపత్రం బయటపడి పరీక్ష రద్దయింది. నిజాయితీగా ర్యాంకు తెచ్చుకున్నవారు కూడా సెప్టెంబరు 11న మళ్లీ రాయవలసి వచ్చింది. అక్కడ నిర్ణయించుకునే అవకాశమే లేదు. 2024లో కాలం నష్టపోయారని అదనపు మార్కులు పొందిన 1,563 మందికి, ఆ మార్కులు వదులుకోవడమా, మళ్లీ రాయడమా అన్న ఎంపిక ఇచ్చారు. జూన్ 23న 813 మంది రాశారు, తక్కినవారు రాయలేదు. ఇంజనీరింగు వైపు చూస్తే, జేఈఈ మెయిన్‌ను 2019 నుంచి ఏటా ఒకటికి మించి విడతలుగా నిర్వహిస్తూ మెరుగైన ఫలితాన్నే లెక్కలోకి తీసుకుంటున్నారు. అక్కడ రెండోసారి రాస్తే పోయేదేమీ లేదు. అంటే విద్యార్థి ‘ధైర్యం’ అని మనం పిలిచేది చాలావరకు నిబంధనలు తయారుచేసినదే.

సీట్లు పెరిగాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మన జిల్లాలోని బీబీనగర్‌లోనే ఎయిమ్స్ 2019లో తరగతులు ప్రారంభించింది. దానిలో స్థానికుల కోటా లేదు, దేశమంతటితో పోటీపడాలి. రోడ్డు మీదినుంచి కనిపించే ఆ భవనం ర్యాంకు లెక్కలో ఎంతో దూరం. సీటు ఊరి దగ్గరికి వచ్చినంత మాత్రాన సంవత్సరం అందుబాటులోకి రాదు.

కాబట్టి మళ్లీ రాయాలా వద్దా అని అడిగే పిల్లలకు ‘నీ మీద నీకు నమ్మకం ఉంటే రాయి’ అని చెప్పి ఊరుకోవడం మన బాధ్యత తప్పించుకోవడమే. ముందు మూడు సంగతులు చూడమనాలి: పాత మార్కులు ఉంటాయా, చేరి మానితే ఏం కట్టాలి, ఈ ఏడాది ఎవరి కష్టం మీద గడుస్తుంది. సమాజం చేయవలసినదీ ఉంది. నీట్ మార్కులు కనీసం రెండేళ్లు చెల్లాలి. సాంఘిక సంక్షేమ గురుకులాలు నడిపిన ఏడాది శిక్షణలాంటిది అడిగిన ప్రతి పేద విద్యార్థికీ, ముఖ్యంగా ఆడపిల్లలకు అందాలి. పొద్దు మనది కావాలని పోరాడిన నేల ఇది. ఒక సంవత్సరం ఆగగలగడం కొందరి ఆస్తిగా మిగిలిపోతే ఆ పోరాటం ఇంకా పూర్తికానట్టే.