వేటపాలెం నుంచి శోధగంగ దాకా

గుంటూరు, ప్రకాశం మైదానంలో విశ్వవిద్యాలయం కంటే గ్రంథాలయం చాలా ముందు పుట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో 1967లో నెలకొల్పిన స్నాతకోత్తర కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయంగా మారగా, అంతకు అర్ధశతాబ్ది ముందే, 1918లో, చీరాల పక్కన చేనేతకు పేరుపడ్డ వేటపాలెంలో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి పూనికతో హిందూ యువజన సంఘం పేర ఒక చిన్న పఠనాలయం వెలసి, ఆ తర్వాత సారస్వత నికేతనమని పేరు మార్చుకొన్నది. ఈ వరసను గుర్తుంచుకోకుండా ఇక్కడి ఉన్నత విద్యలో డిజిటల్ గ్రంథాలయాల చరిత్రను కంప్యూటర్ల రాకతో మొదలుపెడితే, తెర మీద కనిపించే పుటలు అసలు ఎవరి బీరువాలో నిలిచి బతికాయో తెలియకుండా పోతుంది.

1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడడంతో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు నడిపిన గ్రంథాలయోద్యమం పల్లెలకు పాకింది. తెనాలి ప్రాంతపు పెదపాలెంలో పాతూరి నాగభూషణం 1935లో కాలువల మీద పడవల్లో పుస్తకాలు పంపే ఏర్పాటు చేశారు. పుస్తకాన్ని పాఠకుడి దగ్గరికి చేర్చడం ఆ ఉద్యమంలో ఒక పాయ అయితే, వచ్చిన కాగితాన్ని పారేయకుండా దాచడం మరొక పాయ, ఈ రెండో దానిలో వేటపాలేనిది పైచేయి. 1929లో గాంధీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేయడం, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉండడం అందరూ చెప్పుకొనే సంగతులే కాని, చరిత్రకారుడికి అంతకన్నా విలువైనది పత్రికలను ఏళ్లవారీగా బైండు చేయించి భద్రపరచిన అలవాటు. పొద్దున చదివి సాయంత్రానికి పొట్లం కట్టే దినపత్రికను ఆధారపత్రంగా చూడగలగడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆంధ్రోద్యమం మీదా, 1921 నాటి చీరాల పేరాల ఘట్టం మీదా పరిశోధించదలచినవారికి కళాశాల గ్రంథాలయంలో దొరకని సరుకు ఊరి గ్రంథాలయంలో దొరికింది.

అయితే పత్రికల కాగితం చౌకరకపు గుజ్జుతో చేసినది కాబట్టి, అందులోని ఆమ్లం వల్ల ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, మడత దగ్గర విరిగి, పుట తిప్పితేనే పొడి రాలుతుంది. బైండు కుట్టును విప్పకుండా, పుటను పూర్తిగా వెల్లకిలా పరవకుండా పైనుంచి చిత్రం తీసే స్కానర్లు వచ్చాకనే వీటిని ముట్టుకోవడానికి ధైర్యం చిక్కింది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వేటపాలెం సహా పలు గ్రంథాలయాల్లోని పాత పత్రికలను ఈ పద్ధతిలో డిజిటల్ రూపంలోకి మార్చి అంతర్జాలంలో ఉంచింది. పుస్తకాల వైపు ఇంకా పెద్ద ప్రయత్నం జరిగింది. చిత్తూరు జిల్లా నుంచి అమెరికా వెళ్లి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకానికి భారతీయ శాఖగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రూపుదిద్దుకొని, 2003 సెప్టెంబరులో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా ప్రారంభమైంది. తెలుగు పుస్తకాల స్కానింగులో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ముఖ్య కేంద్రంగా పనిచేసింది.

ఆ పథకం పుస్తకాలను కాపాడింది గాని, వాటిని వెతికి పట్టుకొనే దారిని సరిగా వేయలేదు. పుటలు అక్షరాలుగా కాక బొమ్మలుగా నిలవ ఉండడంతో లోపలి మాటను వెతికే వీలు లేకపోయింది. పోనీ పేరుతో వెతుకుదామంటే, శీర్షికలను రోమన్ లిపిలో తలా ఒక తీరుగా ఎక్కించినందువల్ల హ్రస్వదీర్ఘాలు కలిసిపోయి, ట కు త కు తేడా చెరిగి, ఒకే గ్రంథకర్త నాలుగైదు వర్ణక్రమాల్లో నలుగురైదుగురుగా కనిపించేవాడు. పాత లైబ్రేరియన్ చేతిరాతతో నింపిన కార్డు ఈ విషయంలో కంప్యూటరు పట్టిక కంటే మేలు. కాపీహక్కుల చిక్కుల నడుమ 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటు మూతపడ్డా, చాలా పుస్తకాల ప్రతులు అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండడం తెలుగు పాఠకుల అదృష్టం.

విశ్వవిద్యాలయాలు తమ సొంత సరుకును బయట పెట్టడం ఆలస్యంగా మొదలైంది. పీహెచ్‌డీ పట్టానికి సమర్పించే సిద్ధాంత గ్రంథం గట్టి అట్టతో, బంగారు అక్షరాలతో ఒక అలమరలో చేరి, అక్కడే కూర్చుని చదవాలన్న షరతుతో ఏళ్ల తరబడి ఉండిపోయేది. యూజీసీ 2009 నిబంధనలు దాని డిజిటల్ ప్రతిని తప్పనిసరి చేయడంతో, 1991లో మొదలైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ శోధగంగ అనే ఉమ్మడి భాండాగారాన్ని నెలకొల్పగా, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ గ్రంథాలూ అందులో చేరాయి. ఇటువంటి వ్యవస్థల్లో విరివిగా వాడేది 2002లో ఎంఐటీ, హెచ్‌పీ సంస్థలు కలిసి విడుదల చేసిన డీస్పేస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. అది ప్రతి గ్రంథానికీ పేరు, కర్త, విషయం, సంవత్సరం వంటి వివరాలను ఒకే అచ్చులో ఉంచి, ఇతర యంత్రాలు వాటిని సేకరించుకొనే వీలు కల్పిస్తుంది. తెలుగు శాఖ గ్రంథాల విషయంలో మాత్రం పాత తిప్పలే. అను వంటి డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరరూపం ఇంగ్లీషు అక్షరానికి కేటాయించిన గడిలో కూర్చుంటుంది కాబట్టి, కంటికి చక్కటి తెలుగుగా కనిపించే పుటలోని వాక్యాన్ని నకలు తీసి వేరేచోట అతికిస్తే అర్థంలేని గుర్తుల కుప్ప తేలుతుంది. ప్రతి అక్షరానికీ స్థిరమైన సంఖ్యనిచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటున్నా, టైపు చేసే దుకాణాలు అలవాటైన ఫాంట్లను అంత తేలిగ్గా వదల్లేదు. ఆ ఫైళ్లను స్వీకరించినవారు కూడా అభ్యంతరం చెప్పి ఉండవలసింది.

వ్యవసాయ విద్యలో పరిస్థితి కొంత మెరుగు. బాపట్లలో 1945లో మొదలైన వ్యవసాయ కళాశాలలోనూ, జి-4, ఎల్‌సీఏ 334 వంటి మిరప రకాలను అందించిన లాం పరిశోధన క్షేత్రంలోనూ పత్తి, మిరప పైర్ల మీద పోగుపడిన పరిశోధన చాలావరకు ఇంగ్లీషులో ఉండడం వల్ల, భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి కృషికోశ్ భాండాగారంలో దాన్ని మాట పట్టుకొని వెతకవచ్చు. 2021లో ఈ జిల్లాల మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు, అంతకుముందున్న తామర పురుగు జాతి ఉనికి మీద, మందుల పనితనం మీద పాత విద్యార్థులు రాసినదాన్ని కొత్తదానితో పోల్చి చూడడానికి ఇటువంటి నిలవలే ఆధారం. కాని పూత రాలుతున్న మిరప చేను గట్టు మీద ఉన్న రైతు చదివే భాష అందులో లేదు. ఆ శాస్త్రంలో అతనికి తెలుగులో అందేది చాలావరకు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా వెలువరించే వ్యవసాయ పంచాంగంలోకి ఎక్కినంత మేరకే.