నాలుగో నంబరు సిస్టమ్

గుంటూరు బ్రాడీపేటలో మా షాపు మొదట్లో ఎస్‌టీడీ బూత్. పసుపు బోర్డు, అద్దాల గది, రాత్రి చార్జీ ఎప్పుడు తగ్గుతుందా అని అరుగు మీద కూర్చుని ఎదురుచూసే జనం. 1999లో ఆ అద్దాల గది పీకించి, ప్లైవుడ్ అడ్డాలు కొట్టించి, ఆరు కంప్యూటర్లు పెట్టాను. గంటకు 60 రూపాయలు. బోర్డు మీద సైబర్ కేఫ్ అని రాయించాను గానీ, జనం నోట అది ఎప్పుడూ నెట్ సెంటరే.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ చేతుల మీదుగా. ప్రైవేటు కంపెనీలను రానిచ్చింది 1998 చివర్లో. ఆ తర్వాతే మాలాంటి వాళ్లం ఈ పనిలోకి దిగాం. అప్పట్లో నెట్ గంటల లెక్కన కొనాలి, టెలిఫోను బిల్లు మళ్లీ వేరే. అందుకే తొలి దొంగలు మెయిళ్ల జోలికి రాలేదు, గంటలు దొంగిలించారు. 2000 ప్రాంతంలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న తొలి సైబర్ కేసుల్లో ఒకటి అదే. కనెక్షన్ పెట్టడానికి ఇంటికొచ్చినవాడు పాస్‌వర్డ్ తెలుసుకుని, ఆ ఇంటాయన గంటలు వాడుకున్నాడని ఆరోపణ.

ఇదేమీ మనవాళ్లు కనిపెట్టిన విద్య కాదు. అమెరికాలో ఎంఐటీలో 1961లో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునే ఏర్పాటు చేసింది. ఎవరి ఫైళ్లు వాళ్లకే ఉండాలని మనిషికో పాస్‌వర్డ్ ఇచ్చింది. మరుసటి ఏడాదే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికిచ్చిన నాలుగు గంటలూ చాల్లేదు. శుక్రవారం రాత్రి ఒక పంచ్ కార్డు పెట్టి, పాస్‌వర్డ్లన్నీ ఉన్న ఫైలును ప్రింటు తీయమన్నాడు. శనివారం పొద్దున వెళ్లి కాగితాలు తెచ్చుకున్నాడు. చాలా ఏళ్లకు తనే చెప్పుకున్నాడు. తాళం పగలగొట్టలేదు, కన్నం వేయలేదు. అడిగాడు, ఇచ్చారు. నా షాపులో పన్నెండేళ్లు నేను చూసిన దొంగతనాలన్నీ ఇదే బాపతు.

మా వ్యాపారానికి పునాది వేసింది మాత్రం సబీర్ భాటియా, జాక్ స్మిత్ అంటాను. 1996 జూలై 4న వాళ్లు హాట్‌మెయిల్ తెరిచేదాకా చాలామందికి మెయిలంటే ఇంటి కనెక్షన్‌కో ఆఫీసుకో కట్టేసిన గొడ్డు. వీళ్లు ఆ పలుపు విప్పారు. ఎక్కడ కూర్చున్నా మెయిల్ చూసుకోవచ్చు. అంటే, ఎవడు కూర్చున్నా చూడొచ్చు కూడా. 1999 ఆగస్టు చివర్లో హాట్‌మెయిల్‌కే ఒక లొసుగు బయటపడి, పాస్‌వర్డ్ తెలియకుండానే ఎవరి పెట్టెనైనా తెరిచే వీలు చిక్కింది. కొన్ని గంటలపాటు సర్వర్లు ఆపేశారు. మా కుర్రాళ్లకు అంత తెలివి అక్కర్లేకపోయింది. లేచివెళ్లిన మనిషి సైన్ అవుట్ చేయడు, తర్వాత కూర్చున్నవాడు వెనక్కి నొక్కుతాడు, అంతే. ఒకమ్మాయి ఉత్తరం అలా ఆరుగురు చదివారని తెలిశాక పెయింటరును పిలిచి గోడ మీద రాయించాను: లేచే ముందు సైన్ అవుట్ చేయండి.

రహస్య ప్రశ్న ఇంకో వింత. పాస్‌వర్డ్ మరిచిపోతే మీ అమ్మగారి పుట్టింటి పేరు చెప్పమనేది. ఆ ప్రశ్న పెట్టినవాడెవడో గానీ, మనవైపు ఎప్పుడూ వచ్చినవాడు కాదు. మనిషిని పరిచయం చేసేటప్పుడే ఫలానా వాళ్ల మనవడని చెప్పే చోట మేనమామ ఇంటిపేరు రహస్యమా? అమెరికాలో కూడా అది నిలవలేదు. 2008లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిల్‌ను ఒక కాలేజీ కుర్రాడు ఇలాగే తెరిచాడు. పుట్టినరోజు, పిన్‌కోడు, భర్తను ఎక్కడ కలిసింది, ఇవన్నీ నెట్‌లో వెతికితే దొరికినవే. వాడు జైలుకు వెళ్లాడు.

2010లో ఒకరోజు మాస్టారు వచ్చారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, కొడుకు డల్లాస్‌లో. రోజూ సాయంత్రం ఆరింటికి నాలుగో నంబరు సిస్టమ్ దగ్గరే కూర్చునేవారు, ఫ్యాను గాలి సూటిగా తగులుతుందని.

"అబ్బాయ్, నేను లండన్‌లో ఉన్నానట. పర్సు పోయిందట. డబ్బు పంపమని మావాణ్ణి అడిగానట."

నవ్వుతూనే చెప్పారు గానీ చేతులు వణుకుతున్నాయి. నేను పెద్ద తెలిసినవాడిలా ఆ నాలుగో సిస్టమ్ ముందే కూర్చోబెట్టి పాస్‌వర్డ్ మార్పించాను. "అయిపోయింది మాస్టారూ, ఇంక భయంలేదు" అన్నాను. డబ్బులు కూడా తీసుకోలేదు.

మూడోరోజు మళ్లీ వచ్చారు. కొడుకు రాస్తున్న జవాబులు ఈయనకు అందడం లేదు. మా సిస్టమ్‌లు బాగుచేసే కుర్రాడు సెట్టింగ్స్ తెరిచి చూపించాడు. వచ్చిన ప్రతి ఉత్తరం వేరే అడ్రసుకు పోతోంది, ఆ అడ్రసుకూ మాస్టారి అడ్రసుకూ ఒక్క అక్షరం తేడా. పాస్‌వర్డ్ మరిచిపోతే వాడే రెండో మెయిలూ ఈయనది కాదు. వీధి తలుపుకు కొత్త తాళం వేయించి పెరటి తలుపు తీసిపెట్టి వెళ్లాం. అది కూడా నిజం కాదు, వీధి తాళం కూడా వాడికి అందింది. ఆ కుర్రాడు నాలుగో సిస్టమ్‌ను పరీక్షిస్తే, కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరాన్నీ రాసిపెట్టుకునే ప్రోగ్రామ్ దొరికింది. కొత్త పాస్‌వర్డ్‌ను మాస్టారి చేత స్వయంగా దొంగకు అప్పజెప్పించింది నేనే.

ఆ రాత్రి ఎస్‌టీడీ రోజుల నాటి ఫోను నుంచి కొడుకుతో మాట్లాడించాం. అప్పటినుంచి నా పద్ధతి అదే. అనుమానం రాగానే మనవాళ్లకు నోటితో చెప్పాలి, మెయిల్లో కాదు. ఆ మెయిల్లో ఇప్పుడు మాట్లాడేది ఎవరో తెలియదు కదా. తర్వాత వేరే కంప్యూటరు, మన నమ్మకం ఉన్నది. అక్కడ పాస్‌వర్డ్ మార్చి, వెంటనే రెండో మెయిలూ ఫోను నంబరూ మనవేనా అని చూడాలి, దారి మళ్లించే ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తీసేయాలి, అన్నిచోట్లా ఒకేసారి సైన్ అవుట్ చేయాలి. పంపినవీ చెత్తబుట్టలోవీ చదివితే దొంగ దేనికోసం వచ్చాడో తెలుస్తుంది. బ్యాంకుకు ఈ మెయిలే ఇచ్చి ఉంటే అక్కడికీ వెళ్లాలి. పాస్‌వర్డే పనిచేయకపోతే, రికవరీకి రోజూ వాడే ఫోను నుంచి, రోజూ ఉండే చోటు నుంచి ప్రయత్నిస్తే కంపెనీవాళ్లు నమ్మే అవకాశం ఎక్కువ. డబ్బు పోతే ఫోన్ చేసి ఫిర్యాదు చేయడానికి ఇప్పుడు 1930 నంబరు ఉంది. మాస్టారి రోజున అది లేదు. చట్టం మాత్రం ఉంది. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే మూడేళ్ల దాకా జైలు అనే ఐటీ చట్టం 66సి సెక్షన్ 2009 అక్టోబరులోనే అమల్లోకొచ్చింది. మాస్టారు స్టేషనుకు వెళ్లనన్నారు. "ఈ వయసులో లండన్ వెళ్లొచ్చానని రాసిస్తానా?"

మన మెయిల్‌ను ఎక్కడి నుంచి ఎప్పుడు తెరిచారో జీమెయిల్ 2008 నుంచే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో చూపిస్తోంది. నా కస్టమర్లలో ఒక్కడు చూసినట్టు గుర్తులేదు. నేనూ చూడలేదు.

2011లో కేంద్రం సైబర్ కేఫ్‌లకు నిబంధనలు తెచ్చింది. గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరు ఏడాది దాచాలి, అడ్డాలు నాలుగున్నర అడుగులు దాటకూడదు. వడ్రంగిని పిలిపించి నా ప్లైవుడ్ కోయించాను. అదే ఏడాది గూగుల్ ఫోనుకు కోడ్ పంపే రెండో తాళాన్ని అందరికీ ఇచ్చింది. జనం ఫోన్లలోకి వెళ్లిపోయారు, నా కుర్చీలు ఖాళీ అయ్యాయి. 2013లో యాహూలో 300 కోట్ల ఖాతాల వివరాలు దొంగల పాలయ్యాయని ఆ తర్వాత నాలుగేళ్లకు తేలింది. దానికి ఏ షాపువాడూ ఏ ఖాతాదారూ చేయగలిగింది లేదు, ఒకే పాస్‌వర్డ్‌ను పదిచోట్ల పెట్టకుండా ఉండటం తప్ప.

ఇప్పుడు జిరాక్సులు, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు. రెండే సిస్టమ్‌లు. నాలుగో నంబరుది మానిటర్ అమ్మేశాను, కీబోర్డు అటక మీద ఉంది. మొన్న ఒక కుర్రాడు హాల్‌టికెట్ ప్రింటు కోసం మెయిల్ తెరిచి, కాగితం చేతికి రాగానే స్కూటీ ఎక్కి వెళ్లిపోయాడు. గోడ మీద రాత సగం చెరిగి, "లేచే ముందు" వరకే మిగిలింది. నేను లేచి వెళ్లి, తెర మీది ఉత్తరాల కేసి చూడకుండా, మూలనున్న గుండ్రటి బొమ్మ నొక్కి సైన్ అవుట్ చేశాను.