పని వాహనాలలో విద్యుత్ చాలనం

ట్రాక్టరు, బుల్డోజరు, డంపరు వంటి పని వాహనాలలో ఇంజను శక్తిని ఆల్టర్నేటరు ద్వారా విద్యుత్తుగా మార్చి, ఆ విద్యుత్తుతో మోటార్లను తిప్పి పరికరాలను పనిచేయించే పద్ధతిని విద్యుత్ చాలనం అంటారు.

పనిచేయు విధానం

సాధారణ వాహనంలో ఫ్యాను, నీటి పంపు మొదలైనవి బెల్టుల ద్వారా ఇంజనుకు కట్టుబడి ఉంటాయి. ఇంజను వేగం పెరిగితే అవసరం లేకున్నా అవి కూడా వేగంగా తిరుగుతాయి. ఇంధనం వృథా అవుతుంది. విద్యుత్ చాలనంలో ఆల్టర్నేటరు ఇచ్చే ఏకాంతర విద్యుత్తును రెక్టిఫయరు ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. దానిని ఇన్వర్టరు కావలసిన పౌనఃపున్యంలో తిరిగి ఏకాంతర విద్యుత్తుగా మార్చి మోటారుకు అందిస్తుంది. అందువలన ఇంజను వేగంతో నిమిత్తం లేకుండా ప్రతి పరికరాన్నీ దానికి తగిన వేగంతో నడపవచ్చును.

ఉదాహరణలు

* 2007లో జర్మనీలోని హానోవర్‌లో జరిగిన అగ్రిటెక్నికా ప్రదర్శనలో జాన్ డీర్ సంస్థ 20 కిలోవాట్ల జనరేటరు గల ట్రాక్టరును చూపింది.
* 2009లో వచ్చిన కాటర్‌పిల్లర్ డి7ఇ బుల్డోజరు ఇంజనుకు బెల్టులే లేవు.
* 2013లో బెలారస్‌లో తయారైన బెలాజ్-75710 డంపరు 450 టన్నుల బరువు మోయగలదు. దాని చక్రాలను తిప్పేవి విద్యుత్ మోటార్లే.

పరిమితులు, జాగ్రత్తలు

శక్తి రూపం మారిన ప్రతిసారీ కొంత నష్టం తప్పదు. కనుక ఒకే వేగంతో, ఒకే భారంతో సాగే పనులకు గేర్ల పద్ధతియే మేలు. ఇంజను ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన వోల్టేజి కొంతసేపు నిలిచి ఉంటుంది. అది పూర్తిగా తగ్గినదని మీటరుతో నిర్ధారించుకొన్న తరువాతనే మరమ్మతు మొదలుపెట్టాలి.