రాములు (పురుషనామము)

రాములు శ్రీరాముని పేర వెలసిన పురుషనామము. రామయ్య, రామన్న, రామచంద్రయ్య, సీతారాములు దీని తోబుట్టువులు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో ఒకనాడు ఊరూర వినవచ్చిన యీ పేరు, గత కొన్ని దశాబ్దములుగా శిశువులకు పెట్టుట తగ్గి, పెద్దల పేరుగా నిలిచినది.

నాగర్‌కర్నూలు చేరువనున్న వర్ధమానపురము, అనగా నేటి నందివడ్డెమాను, గోన వంశీయుల నెలవు. ఆ వంశమువాడగు బుద్ధారెడ్డి 13వ శతాబ్దిలో రంగనాథ రామాయణమును ద్విపదలో రచించెననియు, ఉత్తరకాండమును ఆయన పుత్రులు కాచవిభుడు, విఠలుడు పూరించిరనియు ప్రతీతి. తండ్రికొడుకులు మువ్వురును రామకథను గానము చేసిరే కాని, వారిలో ఒక్కనికైనను రాముని పేరు లేకుండుట గమనింపదగినది. తదుపరి శతాబ్దులలో రామదాసు కీర్తనలును, భజనకూటములును, ఊరూర లేచిన రామాలయములును ఈ పేరును ఇంటింటికి చేర్చినవి.

సంస్థానముల కాలమున దీనికి రాజగౌరవము అబ్బినది. విద్వద్గద్వాల యని కీర్తిగాంచిన గద్వాల సంస్థానమున సోమభూపాల, రామభూపాల నామములు తరతరములుగా మరల మరల వినవచ్చును. సీతారామభూపాలుడు 1924లో గతింపగా, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ 1949 వరకు సంస్థానభారమును దక్షతతో వహించిరి. వనపర్తిలో రామేశ్వరరావు నామధేయులు మువ్వురు ప్రసిద్ధులు: ప్రథముడు 1866లోను, ద్వితీయుడు 1922లోను దివంగతులైరి, ద్వితీయుని మనుమడగు తృతీయుడు 1923లో జన్మించి, దౌత్యోద్యోగము చేసి, పిమ్మట మహబూబ్‌నగరు నుండి లోక్‌సభకు ఎన్నికై, 1998లో కీర్తిశేషుడయ్యెను. రామేశ్వరుడు శివుడే యైనను, పేరున ముందు నిలిచినవాడు రాముడే. రాజవంశములకు వెలుపలను ఈ పేరు ఉన్నత పదవి నందుకొన్నది: కల్వకుర్తి ప్రాంతమందలి పడకల్లులో 1899లో జన్మించిన బూర్గుల రామకృష్ణారావు 1952 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిరి.

తాత పేరు మనుమనికి పెట్టుట సామాన్యుల యిండ్లలోను ఆచారమే. మామ పేరును నోట పలుకరాదు గనుక, కోడలు తన కన్నకొడుకునే "పెద్దయ్యా" యనియో "తాతా" యనియో పిలుచుచుండెను. దేవుడొకడే యైనను పేరు మాత్రము అంతస్తును బట్టి మారెడిది: దొరల గడిలో రామచంద్రరావు, కాపుల యింట రాంరెడ్డి, కూలివాడలో రాములు, ఆ రాములే దొర పిలుపున "రామిగాడు".

1963 నాటి లవకుశ చిత్రమున రాముడుగా నటించిన నందమూరి తారక రామారావు వెండితెర రామునికి తన రూపమునిచ్చెను.  అటుపిమ్మట బడి రిజిస్టర్లలో శ్రీరామ్, సాయిరాం, రామ్‌చరణ్ వంటి రూపములు చేరి, "అయ్య", "ఉలు" అను తోకలు రాలిపోయినవి.

ఎన్నికల రంగమునను ఈ పేరు కానవచ్చినది: నాగర్‌కర్నూలు లోక్‌సభా స్థానమునుండి 1980లో మల్లు అనంతరాములు, 2019లో పోతుగంటి రాములు ఎన్నికైరి. అయితే 2023 శాసనసభ ఎన్నికలలో గద్వాల, అలంపురం, వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేట, కొల్లాపురం, కల్వకుర్తి స్థానముల విజేతలలో రాముని పేరుగలవాడు ఒక్కడును లేడు. కృష్ణుని పేరుగలవారు మువ్వురు.