కాలాపానీ దీవుల్లో మన మౌల్వీ సాహెబు



2019 ఫిబ్రవరిలో మన శాఖ నుంచి పద్నాలుగు మందిమి కుటుంబాలతో అండమాన్ దీవులలో వారం రోజులు తిరిగి వచ్చిన సంగతి మీకు తెలిసినదే. ఆ విశేషాలు ప్రత్యేక సంచికకు రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. పగడపు దిబ్బలను, అద్దపు అడుగు పడవలను గురించి తోటి మిత్రులు నాకంటె బాగా రాయగలరు. నేను రాసేది ఒక సవరణ. ముప్ఫై ఏళ్ళకు పైగా దఫ్తరులో మిసిళ్ళు నడిపినవాణ్ణి. తప్పు కనబడితే కొట్టివేసి పక్కన పొట్టి సంతకం పెట్టనిదే నిద్రపట్టదు. ఈసారి తప్పు నాదే.

కొన్నేళ్ళ క్రితం మన సంచికలోనే పాతనగరం వీరులను గురించి రాస్తూ, మౌల్వీ అల్లావుద్దీన్ గారు "సెల్యులార్ జైలులో మగ్గి మరణించారు" అన్నాను. ఎక్కడో విన్నదే. సరిచూడలేదు.

ఆయన కథ క్లుప్తంగా చెబుతాను. 1857 మే నెలలో నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా గద్దెనెక్కారు. దివాను మొదటి సాలార్‌జంగు. ఉత్తరాదిన తిరుగుబాటు రగులుతున్న రోజులు. పటాలం వదిలి నగరానికి వచ్చిన జమాదారు చీదాఖాను, ఆయన వెంటి సిపాయిలు పట్టుబడితే దివాను వారిని రెసిడెన్సీకి అప్పగించాడు. ఊరు భగ్గుమంది. జూలై 17, శుక్రవారం. తుర్రెబాజ్‌ఖాను, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడవగా సుమారు ఐదు వందల మంది, రోహిల్లాలే ఎక్కువ, రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. అప్పటికి నయాపూల్ ఇంకా కట్టలేదు. మనం ఉమెన్స్ కాలేజీగా ఎరిగిన కోఠీ భవనమే ఆ రెసిడెన్సీ. ఎదురుగా ఉన్న రెండు ఇళ్ళలో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు. దివాను ముందే కబురంపడంతో లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారేసరికి అంతా అయిపోయింది.

తుర్రెబాజ్‌ఖాను పట్టుబడి, 1859 జనవరిలో తప్పించుకుని, ఆ నెలలోనే తూప్రాను దగ్గర తుపాకీకి బలయ్యాడు. ఆయన పేరు కోఠీలో ఒక రోడ్డుకైనా ఉన్నది. మౌల్వీ గారు చాలాకాలం అజ్ఞాతంలో ఉండి దొరికిపోయారు. 1859లో యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించారు. తిరిగి నగరం ముఖం చూడలేదు. 1880ల దశకంలో ఆ దీవుల్లోనే కన్నుమూశారు.

యాత్ర మొదటి రోజునే సెల్యులార్ జైలుకు తీసుకుపోయారు. నేను మౌల్వీ గారుండిన గది ఏదై ఉంటుందా అని వెతుక్కుంటూ నడుస్తున్నాను. ఏడు విభాగాలతో, దాదాపు ఏడు వందల ఒంటరి గదులతో కట్టిన జైలు. ఇప్పుడు మూడు విభాగాలే మిగిలాయి. అక్కడ కట్టడం సంవత్సరాలు చదివాను. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించారట. మళ్ళీ చదివాను. మౌల్వీ గారు పోయిన తరువాత గదా పునాది తీసినది! ఫిబ్రవరి ఎండలో నాకు ఇంకా చెమటలు పట్టాయి. పక్కనున్న మిత్రునితో చెబితే "ఇప్పుడెవరు చూడొచ్చారు లెండి" అన్నాడు. ఆడిట్ వారు రానంతవరకు ఆఫీసులోనూ ఇదే మాట.

మరి ఆయన బతికిన అండమాన్ ఏది? 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే అధికారి రెండు వందల మంది ఖైదీలతో దిగాడు. అప్పుడు అక్కడ గోడల్లేవు. చుట్టూ సముద్రమే గోడ. కాళ్ళకు సంకెళ్ళు, చేతికి గొడ్డలి ఇచ్చి అడవి కొట్టించారు. మొదట ఛాథం దీవి, తరువాత రాస్ దీవి. పారిపోయి పట్టుబడిన వారిలో ఎనభై మందికి పైగా మొదటి నెలల్లోనే ఉరితీశారు. జ్వరాలకు పోయినవారు వేరే. మౌల్వీ గారి పేరు వినబడవలసిన చోటు ఈ చిన్న దీవులు. మా కార్యక్రమంలో వాటికి దక్కినది మధ్యాహ్నం పూట ఒక పడవ ప్రయాణం.

వైపర్ దీవి అనగానే మా ఆడవాళ్ళు పాములుంటాయని దిగమన్నారు. 1789లో బ్లెయిర్ వచ్చిన ఓడ పేరది, పాములతో సంబంధం లేదని చెప్పి దింపవలసి వచ్చింది. గుట్టమీద ఎర్రటి ఉరికొట్టం ఉన్నది. వైస్రాయి మేయోను 1872 ఫిబ్రవరి 8న పొడిచి చంపిన షేర్ అలీని మార్చి 11న ఉరితీసినది ఈ దీవిలోనే. అప్పటికి మన మౌల్వీ గారు ఆ దీవుల్లో పదమూడో ఏడు గడుపుతున్నారు. నేను అక్కడే నిలబడిపోయాను. పడవ కుర్రవాడు కిందినుంచి తెలుగులోనే కేకవేశాడు: "ఏటి బాబూ, ఆ గుట్టమీద ఏటుందని? పొద్దుపోతంది, రండి!" వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డాడట. హైదరాబాదు మౌల్వీని గురించి చెబితే, "మాకెవరూ చెప్పనేదు బాబూ" అన్నాడు. మాకూ ఎవరూ చెప్పలేదన్నాను.

తరువాత నాలుగు రోజులు హావ్‌లాక్, నీల్ దీవుల్లో. నీళ్ళ రంగు మాటల్లో చెప్పలేను. పడవలో గోడకు తగిలించిన పటం చూసి మా ఇంటావిడ, "ఈ పేర్లన్నీ ఎవరివండీ?" అన్నది. హావ్‌లాక్, నీల్, ఔట్రామ్, లారెన్స్, నికల్సన్. చదువుతుంటే నా గొంతే మారింది. అందరూ 1857 తిరుగుబాటును అణచిన సేనానులు, అధికారులు! నీల్ అలహాబాదు పరిసరాల్లో ఊళ్ళకు ఊళ్ళనే ఉరికి ఎక్కించినవాడు. ఓడిన వారిని కొన్ని దీవులలో పడవేసి, గెలిచిన వారి పేర్లు పక్క దీవులకు పెట్టుకున్నారన్నమాట. మేము వెళ్ళడానికి రెండు నెలల ముందు, 2018 డిసెంబరులో, హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్, నీల్‌ను షహీద్ ద్వీప్ అన్నారు. రాస్ దీవికి నేతాజీ పేరు వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. టిక్కెట్లు అమ్మేవాళ్ళు మాత్రం అప్పుడు పాత పేర్లే పలికారు. మేమూ అంతే.

చివరి రోజు రాస్ దీవిలో మర్రి ఊడలు మింగేసిన అధికారుల బంగళాలు, మధ్యలో తిరిగే జింకలు చూశాము. 1941 భూకంపం తరువాత తెల్లవారు ఆ దీవి వదిలేశారు. అడవి మళ్ళీ తన చోటు తీసుకున్నది. ఖైదీలు గొడ్డళ్ళతో కొట్టినది ఆ అడవినే.

కనుక పాత సంచిక దాచుకున్న మిత్రులు నా వ్యాసంలో "సెల్యులార్ జైలులో మగ్గి" అన్న మాటలు కొట్టివేసి, "అండమాన్ ద్వీపాంతరవాసంలో, ఆ జైలు కట్టకమునుపే" అని దిద్దుకోగలరు. మా ఇంట్లో ఉన్న ప్రతిలో దిద్ది పక్కన సంతకం, తేదీ వేశాను.